ఒక్క గడ్డం

"యాభై అడుగులు నడవడం" అని చికిత్స లక్ష్యాల కాగితం మీద రాశాడు థెరపిస్టు.

"నడిచి ఎక్కడికెళ్లాలి బాబూ?" అన్నాడు బార్బర్. తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి అతని కుడిచెయ్యి వణుకుతోంది.

"బాత్రూముకి" అంది భార్య.

"అడిగింది నిన్ను కాదే."

థెరపిస్టు బార్బర్ వైపు తిరిగాడు. నెలరోజులుగా అతని సంగతులన్నీ తను ఆవిడనే అడుగుతున్నాడు.

"మీకేం కావాలి?"

"కత్తి పట్టాలి. నా కుర్చీలో మనిషి భయపడకుండా కూర్చోవాలి."

"లక్ష్యమంటే కొలతకు అందాలండీ."

"అయితే ఒక్క గడ్డం. గాటు పడకుండా."

"ఎవరు కూర్చుంటారు? మా తమ్ముడైతే రాడు" అంది భార్య.

థెరపిస్టు యాభై అడుగులు కొట్టేశాడు. మూడు నెలల్లో ఒక గడ్డం అని రాసి, కూర్చునేది ఎవరో కూడా రాశాడు. తన పేరే.

తేదీ మాత్రం పెన్సిలుతో వేశాడు.