చప్పుడు లేని బేరింగు

తనూజ బేరింగును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పింది. కళ్లు మూసుకుంది. అది తిరుగుతున్నట్టు వేలికి తెలుస్తోంది గానీ చెవికి తెలియడం లేదు.

"మాక్కావలసింది ఇదేనండీ!" అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆనంద్. విదేశీ కంపెనీల తరఫున సరుకు కొనే ఏజెంటు అతను. సొంతూరు ఈ గుడివాడ దగ్గర మొవ్వేనట. "ఇంత నిశ్శబ్దం మీకెలా పట్టుబడిందండీ?"

"రైసుమిల్లు పక్కన పుట్టి పెరిగానండీ. చప్పుడంటే నాకు ఒళ్లుమంట," అని నవ్వింది తనూజ. అక్కడితో ఆగితే బాగుండేది, కానీ మనసు ఆగలేదు. "మా పాప నెలలు నిండకుండా పుట్టింది. బందరు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. అక్కడి ఫ్యాను కీచుమన్నప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడేది. ఈ పని మొదలుపెట్టింది అందుకేనండీ."

ఆనంద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చిత్రంగా ఉందండీ. మేం కొనేదీ పసిపిల్లల వార్డుకే. సముద్రం ఒడ్డున ఆసుపత్రి. గాలి యంత్రాలు చప్పుడు చేయకూడదంటున్నారు."

అంతే, తనూజ మనసు గుడివాడ దాటి ఎగిరిపోయింది. షెడ్డులో పనిచేస్తున్నా కళ్ల ముందు ఆ వార్డే. కిటికీల అవతల మంగినపూడి బీచిలో లాంటి అలలు. లోపల గుప్పిళ్లు మూసుకుని నిద్రపోయే బుజ్జాయిలు. ఎవరూ ఉలిక్కిపడటం లేదు.

"లైసెన్సు రానేలేదు, అప్పుడే జోకొడుతున్నావా?" అని ఆటపట్టించాడు భర్త సుధాకర్. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!"

అంత నాజూకైన బేరింగు దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి మరి. ఒకనాడు ఆ ఆఫీసు నుంచి ఫోను రానే వచ్చింది.

"ఆసుపత్రి వాళ్ల కాగితాలు చూశానమ్మా," అన్నాడు అధికారి. "కాగితాలదేముంది, ఎవరైనా ఇస్తారు. ఇలాంటివి యుద్ధానికీ పనికొస్తాయి. రేపు అబద్ధమని తేలితే మీ షెడ్డుకు తాళం పడుతుంది. అదొక్కటే కాదు, ఎవరి ప్రాణాలు పోతాయో తెలియదు. వీటిని చివరికి వాడేదెవరో మీకు నిజంగా తెలుసా?"

తనూజ బల్ల మీది బేరింగును గుప్పిట్లోకి తీసుకుంది.

"తెలుసండీ. పసిపిల్లలు."

ఆమె పూచీ మీద అనుమతి వచ్చింది. ఒక్కో బేరింగునూ తనే మెత్తని గుడ్డలో, పొత్తిళ్లలో బిడ్డను చుట్టినట్టు చుట్టి పెట్టెలకెత్తింది. లారీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. బతుకులో ఒక మంచిపని చేశానని ఆమెకు కడుపు నిండిపోయింది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం విదేశీ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆనంద్ కాదు, సరుకు అందుకున్న చోట ఇంజినీరు. ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా మెచ్చుకుంటున్నాడు. యంత్రాల్లో బిగించారట, అద్భుతంగా తిరుగుతున్నాయట.

తనూజకు కళ్లు చెమర్చాయి.

"చప్పుడేమీ లేదు కదండీ?" అని ఆత్రంగా అడిగింది.

"సముద్రంలో మూడు వందల మీటర్ల లోతున కూడా వినపడలేదు మేడమ్!"