శ్రీరామ్మూర్తి గారి బూత్

"గురువుగోరూ, మీరు జీపెక్కి సెయ్యూపితే సాలు, నాను గెలిసేసినట్టే!" అన్నాడు అబ్బులు, వంగి కాళ్లకి దండం పెడుతూ.

శ్రీరామ్మూర్తి ఒకప్పుడు దేశానికి కబడ్డీ ఆడినవాడు. ఆ ఆట చూసే స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగమిచ్చారు. ఇప్పుడు రిటైరై, ఉక్కునగరం పక్క కాలనీలో ఇల్లు కట్టుకుని, మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నాడు. యారాడ ఊరి అబ్బులు ఆయన దగ్గరే కబడ్డీ కూత నేర్చుకున్నాడు. ఈసారి ఎమ్మెల్యేకి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. శిష్యుడు అడిగితే ఎలా కాదనగలడు? పైగా పాతికేళ్ల తరవాత ఒకరు పొగిడారు.

ఇరవై రోజులు జీపు మీద తిరిగాడు. జనం సెల్ఫీలు దిగారు. తొడ కొట్టమన్నారు, కొట్టాడు. ఇంటికొచ్చాక భార్య రామలక్ష్మమ్మ ఆ తొడకి నొప్పుల మందు రాసేది.

"ఈ వయసులో ఈ వేసాలేటండీ?"

"జీపెక్కితే బాగుంటంది. దిగితే సిగ్గేస్తంది. నన్నేటి సెయ్యమంటావే?" అనేవాడు.

పోలింగు రోజు ఏడింటికల్లా ఇద్దరూ బయల్దేరారు. దారిలో రామలక్ష్మమ్మ దాచకుండా చెప్పేసింది.

"మన వీధికి కుళాయి ఏయించింది ఎమ్మెల్యే కనకరత్నమే. నా ఓటు ఆవిడికే. మీ శిష్యుడికి మీరేసుకోండి."

శ్రీరామ్మూర్తి తల దించుకుని నడిచాడు. ఓట్లు వేసి వచ్చారు.

ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే ఆయనకి చటుక్కున ఒక సంగతి తట్టింది. కౌంటింగులో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో విడివిడిగా తేలిపోతుంది. అబ్బులు బలగమంతా యారాడలో ఉంది. ఈ కాలనీలో ఉన్నదంతా కనకరత్నం కుళాయి నీళ్లు తాగేవాళ్లే.

"మన బూత్‌లో అబ్బులికి బోణీ కాకపోతే నా పరువు బంగాళాఖాతంలో కలిసిపోతాదే," అంటూ చెప్పులేసుకున్నాడు.

ఇల్లిల్లూ తిరిగాడు. భారీ మెజారిటీతో గెలిపించమని జీపు మీద గర్జించిన మనిషి, ఇప్పుడు ఒక్క ఓటు బేరానికి దిగాడు.

"బావా, మీ ఇంట్లో ఐదోట్లున్నాయి. నాలుగు నీకు నచ్చినోళ్లకి ఏసుకో. ఒక్కటంటే ఒక్కటి అబ్బులికి ఏయించు," అని పక్కింటి రమణమూర్తి చేతులు పట్టుకున్నాడు.

"ఏటి బావా, అడగాలా! నువ్వు దేశానికి ఆడినోడివి. ఐదూ నీ మాటకే," అన్నాడు రమణమూర్తి, చూపు పక్కకి తిప్పుకుని.

నలభై ఇళ్లలోనూ అదే మాట, అదే చూపు. ఎదుటివాడి కళ్లు చూసి వాడు ఎటు దూకుతాడో చెప్పగల ఆటగాడు శ్రీరామ్మూర్తి. అయినా సాయంత్రం పోలింగు ముగిసేదాకా, మోకాలు పట్టుకుని, ఎండలో తిరుగుతూనే ఉన్నాడు.

"గురువంటే ఈయన్రా!" అన్నారు చూసినవాళ్లు. ఆ మాట విని ఆయన మరింత కుంగిపోయాడు. కౌంటింగు దాకా అన్నం సహించలేదు.

కనకరత్నం గెలిచింది. అబ్బులికి డిపాజిట్ దక్కలేదు. మర్నాడు అతను లెక్కల కాగితం పట్టుకుని నేరుగా గురువు గారింటికే వచ్చాడు. శ్రీరామ్మూర్తి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మీ బూత్‌లో ఏడొందలు పోలయ్యాయి గురువుగోరూ." అబ్బులు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "నాకొచ్చింది ఒక్కటి."

"ఒక్కటుందా!" అన్నాడు శ్రీరామ్మూర్తి. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కాలనీ అంతా మొండిసెయ్యి సూపినా మీరు నన్ను ఒగ్గీలేదు. ఆ ఒక్క ఓటు సాలు నాకు," అని అబ్బులు ఆయన్ని కావలించుకుని భోరుమన్నాడు.

శ్రీరామ్మూర్తి కూడా ఏడ్చాడు. లోపల్నించి వచ్చిన రామలక్ష్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ ఒక్క ఓటు వేసిన పుణ్యాత్ముడెవరో శ్రీరామ్మూర్తికి ఇప్పటికీ తెలియదు.