గడప దాటని మనిషి

"పున్నమ్మత్తా! టీవీ కట్టెయ్యి!"

ఎదురింటి హెలెన్ పరుగెత్తుకొచ్చేసరికే పున్నమ్మ చూసేసింది.

తెర అడుగున అక్షరాలు పోతున్నాయి. సిక్కింలో నిన్న లోయలో పడ్డ సైనిక వాహనం. బాపట్ల జిల్లా వాసి మృతి. పేరు ఇంకా వెల్లడించలేదు.

పున్నమ్మ కొడుకు శాలేమురాజు ఉన్నది సిక్కింలోనే. తోలేది మిలిటరీ బండే. జిల్లాలు మారాక రేపల్లె కూడా బాపట్ల జిల్లాలోనే ఉంది.

"జిల్లా మొత్తానికి ఆర్మీలో ఉన్నది మనవాడొక్కడేనా?" అంది హెలెన్.

పున్నమ్మ వినడం లేదు. కొడుకు ఫోను కలవడం లేదు. లోపలికెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ లోపలికెళ్ళింది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా పట్టలేదు.

అప్పుడు ఆగింది గుమ్మం ముందు కారు.

దిగినాయనకు అరవై దాటి ఉంటాయి. కత్తిరించిన తెల్లమీసం, వంగని నడుము. వెనక సీట్లో ఒకావిడ అటు తిరిగి కూర్చుంది.

"శాలేమురాజు వాళ్ళమ్మగారు మీరేనా అమ్మా?"

పున్నమ్మ తలుపు పట్టుకుంది.

"నా పేరు చెంచురామయ్య. మాది కర్లపాలెం. ఆర్మీలో కర్నల్‌గా చేసి రిటైరయ్యాను. మీవాడు బాగున్నాడమ్మా. కాలు విరిగింది, ఆపరేషన్ చేశారు. అంతే."

ఆ మాట పున్నమ్మ నమ్మలేదు.

ఇటువైపు చావుకబురుని చావుకబురుగా ఎవరు చెబుతారు? మొగుడు రాజారత్నం తెనాలి ఆసుపత్రిలో పోయిననాడు కూడా, 'బాగానే ఉన్నాడు, నిన్ను చూడాలంటున్నాడు' అనే కదా బస్సెక్కించారు. వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి.

"నిజం చెప్పండి బాబూ. పోయాడా?"

"లేదమ్మా. ఫోన్లో చెబితే ఇలాగే అనుకుంటారని నేనే వచ్చాను. మనవైపు సంగతి నాకు తెలీదా?"

"అయితే లోపలికొచ్చి, కూర్చుని చెప్పండి."

"వద్దమ్మా. ఇక్కడ బాగానే ఉంది."

"మంచినీళ్ళన్నా పుచ్చుకోండి."

"వద్దమ్మా."

పున్నమ్మకు చురుక్కుమంది.

"మా నీళ్ళు గొంతు దిగవా? మా గడప తొక్కితే అంటుకుంటుందా? మీ ఆవిడైతే కారే దిగలేదు. మా బిడ్డలు మాత్రం మీకు బళ్ళు తోలాలి!"

"అత్తా, ఊరుకో," అని హెలెన్ చెయ్యి లాగింది.

ఆయన తల దించుకున్నాడు.

"నీకు పిల్లలున్నారా?"

"ఒక్కడమ్మా. అబ్బాయి."

"వాడిమీద ఒట్టేసి చెప్పు, నా కొడుకు బతికున్నాడని."

"ఒట్లు వెయ్యకూడదంటారు కదత్తా పాస్టరుగారు," అంది హెలెన్.

"పాస్టరుగారి కొడుకు లోయలో పడలేదులే! నువ్వు చెప్పు బాబూ."

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. కారు వైపోసారి చూశాడు.

"అదొక్కటీ అడక్కండమ్మా."

అంతే. పున్నమ్మ గడపమీద కూలబడింది.

"పోయాడే హెలెనూ! కన్నకొడుకు మీద ఒట్టెయ్యలేకపోతున్నాడంటే ఇంకేంటే అర్థం! నా బిడ్డ పోయాడే!"

చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు.

"ఉన్నమాట చెప్పెయ్యొచ్చు కదండీ, పెద్దావిణ్ణి ఎందుకలా చంపుతారు?" అన్నాడొకాయన.

ఇంకొకరైతే కారెక్కి పోయేవారు. ఆయన గోడ నీడకు జరిగి ఫోన్లు మొదలుపెట్టాడు. ఒకరితో హిందీ, ఒకరితో ఇంగ్లీషు. లైను తెగింది. మళ్ళీ చేశాడు. హెలెన్‌ని అడిగి, ఆమె నంబరు ఎవరికో రెండుసార్లు చదివి చెప్పాడు.

డ్రైవరు దగ్గరికొచ్చాడు. "సార్, గన్నవరంలో విమానం దిగే టైమవుతోంది. తెనాలిలో రైలు గేటు పడిందంటే అందుకోలేం."

"ఎవరో గొప్పోళ్ళు దిగుతున్నట్టున్నారు," ఎవరో మెల్లిగా అన్నారు.

"ఈ ఫోను వచ్చాక వెళదాం," అన్నాడాయన.

"మరి అమ్మగారు..."

"ఆవిడే ఉండమంది."

ఎండ గడప మీదికొచ్చింది. పున్నమ్మ ఏడవలేక మూలుగుతోంది. ఆయన అక్కడే నిలబడ్డాడు.

హెలెన్ ఫోను మోగింది.

"అమ్మా..." నీరసంగా, మత్తుగా ఉంది గొంతు.

పున్నమ్మ నమ్మలేదు. "నువ్వేనా? అయితే చెప్పు, చిన్నప్పుడు నిన్ను కుక్క ఎక్కడ కరిచింది?"

"ఎడమ పిక్కమీద. ఇప్పుడు విరిగిందీ ఆ కాలేనమ్మా."

పున్నమ్మ ఫోనును చెంపకేసి అదుముకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. గోడ నీడలో ఉన్నాయన ఆమెనోసారి చూసి, చేతులు జోడించి, గబగబా కారెక్కాడు.

ఆమె తలెత్తేసరికి కారు తెనాలి రోడ్డు మలుపు తిరిగిపోయింది.

"కర్నల్ గారు ఇంకా మనింటి దగ్గరే ఉన్నారా అమ్మా? మా సార్లు ఇప్పుడే చెప్పారు, ఆయనే వచ్చారని."

"ఇప్పుడే వెళ్ళారు. మంచాయనే గాని, ఎంత పట్టింపురా! మన గుమ్మంలో కాలు పెట్టలేదు. మంచినీళ్ళు ముట్టలేదు. కడుపుమంట కొద్దీ నాలుగు దులిపేశాను."



"మైలలో ఉన్నవాళ్ళు ఎవరింట్లోకీ రారమ్మా," అన్నాడు శాలేమురాజు, "బండిలో నా పక్క సీట్లోనే చనిపోయిన కెప్టెన్ విష్ణువర్ధన్ గారు ఆయన కొడుకే."