బుల్లెట్‌ను ఎవరికిచ్చినట్టు?

వంశీధర్‌రావుకు ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు లేదు. హుజూరాబాద్‌లో విత్తనాల దుకాణం నడిపే మనిషికి అంత తీరిక ఎక్కడిది?

ఆ పొద్దున మరీ హడావుడి. భార్య దేవకితో కేరళ చూడ్డానికి పోతున్నాడు. వరంగల్‌లో రైలెక్కాలి. వాకిట్లో కిరాయి కారు ఆగి ఉంది. సామానంతా ఎక్కేసింది. దేవకి మాత్రం ఎక్కడం లేదు.

"బుల్లెట్‌ను ఎవలు చూస్తరు?" అప్పటికి ఎన్నోసారో అడిగింది.

బుల్లెట్ వాళ్ల కుక్క. పిల్లల్లేని ఆ ఇంట్లో దాని అలకకు కూడా విలువే.

"పక్క దుకాణం సంపత్ మనిషిని పంపుతున్నడని చెప్పిన గదా! పరేషాన్ గాకు."

అంతలో గేటు దగ్గర ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. తెల్లగడ్డం, నెత్తిన టోపీ, చేతిలో ఖాళీ సంచి.

"సలామ్ సాబ్. గీ కుక్క మీదేనా?"

"మాదే, మాదే. నీ కోసమే చూస్తున్నం. గింత లేటా?"

"నా కోసమా?" పెద్దాయన బిత్తరపోయాడు. "అది గాదు సాబ్, దీనికి సూదులు..."

"అన్నీ ఏయించినం. మొన్ననే అయినయ్. దాని గురించి ఫికర్ లేదు."

పెద్దాయన "అల్‌హందులిల్లా, అంతా దేవుని దయ" అని గట్టిగా ఊపిరి వదిలాడు. ఎందుకంత సంతోషమో దేవకికి అర్థం కాలేదు.

"మంచిది సాబ్. ఇగ నేను పోతా."

"యాడికి పోతవ్? మొత్తం ఇను! పొద్దుగాల పెరుగన్నం, మాపటికి కోడికూర. ఒక్కదాన్నే ఇడిస్తే మొత్తుకుంటది. గిదో గొలుసు, గిదో తాళంచెవి."

"సాబ్, నేను..."

"పైసల ముచ్చట వచ్చినంక మాట్లాడుకుందం. దేవకీ, ఎక్కు!"

కారు కదిలింది. దేవకి వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన గొలుసును చేయి చాచి దూరంగా పట్టుకుని, కారు వెంట నాలుగడుగులు పరుగెత్తి ఏదో చెప్తున్నాడు.

"ఏదో అంటుండు. జర ఆపుమనుండ్రి."

"రైలు పోతది!"

ఎల్కతుర్తి దాటుతుండగా సంపత్ ఫోన్ చేశాడు.

"అన్నా, తిట్టకు. నేను పంపుతనన్న మనిషి రాలేడట, వాళ్లింట్ల చుట్టాలొచ్చిండ్రు. మరి కుక్కనేం జేసిండ్రు?"

"రాలేడా? పొద్దుగాల్నే వచ్చిండు గదా!"

"వాడు ఇల్లే కదల్లేదన్నా."

వంశీధర్‌రావు ఫోన్ చేతిలో పెట్టుకుని భార్య వైపు చూశాడు.

"మరి వచ్చిందెవలు?"

"పేరన్న అడిగిండ్రా?"

"నువ్వడిగినవా?"

"మీరు నన్ను మాట్లాడనిస్తే గదా!" దేవకికి ఏడుపొచ్చింది. "అయ్యో, ముక్కూ మొగం తెల్వనోనికి పిల్లను ఇచ్చినట్టు ఇచ్చొస్తిమి. ఇంటి తాళం గూడ ఇస్తిమి."

కారు వెనక్కి తిరిగింది. కేరళ కాదు కదా, వరంగల్ కూడా చూడలేదు.

ఇంటి గేటుకు తాళం. ఎంత పిలిచినా లోపల అలికిడి లేదు. పక్కింటి కొమురవ్వ గోడ మీదుగా తొంగి చూసింది.

"మీ కుక్కనా? గా టోపీ తాత పట్టుకొని బస్టాండు దిక్కు పోయిండు గదా!"

దేవకి మళ్లీ కారెక్కింది. "అయిపాయె. ఏ ఊరికి తీస్కపోతుండో ఏమో!"

బస్టాండు ఇంకొంచెం దూరం ఉందనగా, సర్కారు దవాఖాన గోడ నీడలో కనిపించాడాయన. ఎదురుగా బుల్లెట్. దాని ముందు విస్తరాకు, అందులో పెరుగన్నం.

వంశీధర్‌రావు కారు దిగుతూనే గొలుసు లాక్కున్నాడు.

"దొంగ ముసలోడా! బస్సెక్కిచ్చి మాయం చేద్దామనుకున్నవా?"

"జర నా మాట ఇనుండ్రి సాబ్."

"ఏం ఇనాలె? మా కుక్కను ఎందుకు తీసుకున్నవ్?"

"మీరే ఇచ్చిండ్రు సాబ్."

"ఇస్తే తీసుకుంటవా?"

చుట్టూ నలుగురు చేరారు. ఎవరో పోలీసులన్నారు. ఆ మాట వినగానే పెద్దాయన గబగబా లేచాడు. తాళంచెవి తీసి దేవకి చేతిలో పెట్టాడు.

"మీరొచ్చిండ్రు, గది చాలమ్మా. పెరుగన్నం గిన్నె కడిగి మీ ఇంటి అరుగు మీద పెట్టిన."

ఎదురుగా వచ్చిన ఆటోకు చేయెత్తి ఎక్కేశాడు. అది మలుపు తిరిగిపోయింది.

"దొంగయితే పెరుగన్నం ఎందుకు పెడ్తడు?" అంది దేవకి. "నాకేం సమజైతలేదు."

"నాకు మాత్రం అయితున్నదా?" అన్నాడు వంశీధర్‌రావు, గొంతు తగ్గించి.

అప్పుడే దవాఖాన మెట్లు దిగి ఒక నర్సు వచ్చింది.

"ఇనాయతుల్లా! ఇనాయతుల్లా తాత ఏడి? గిప్పటిదాక గీడనే కుక్కను పట్టుకొని కూసున్నడు గదా. సూది ఏసుకోకుంటనే పోయిండా?"

"ఆయనకేం సూది?" అడిగాడు వంశీధర్‌రావు.

"మీకెట్ల చెప్పాలె సార్, నేనైతే గిసొంటి మనిషిని చూడలే," నర్సు ఆటో పోయిన దిక్కు చూస్తూ అంది. "పొద్దుగాల ఎవలింటి ముంగటనో గీ కుక్కనే ఉరికొచ్చి ఆయన పిక్క పట్టి కరిచిందట, దీనికి సూదులు ఏయించిండ్రో లేదో అడిగిపోదామని వాళ్ల గేటు కాడికి పోతే, మేం ఊరికి పోతున్నం నువ్వే చూసుకొమ్మని దాన్నే చేతుల పెట్టి పోయిండ్రట!"