దాటకూడని రంగు

మ్యాపు చూసుకుంటూ ఊరి సందుల్లో పరుగెత్తే పోటీ మాది. మ్యాపులో ముదురాకుపచ్చ రంగున్న చోట అడుగు పెడితే అవుట్. ఇంకో రెండు జెండాలు వెతికి ముట్టుకుంటే పతకం మళ్ళీ నాదే.

నడుమెత్తు గోడ దగ్గర కేక వినబడి ఆగిపోయాను. మ్యాపులో ఆ గోడవతలి పెరడంతా ముదురాకుపచ్చే. అక్కడ ఒకడు పెళ్ళాం జుట్టు పట్టుకుని, తలను కుళాయి దిమ్మకేసి బాదుతున్నాడు.

"దాటావంటే అవుటే!" సందు చివర నుంచి రిఫరీ అరిచాడు.

దాటాను. ఇనప బకెట్టు అందుకుని వాడి మోచేతి మీద కొట్టాను. ఎముక పటుక్కుమంది. వాడు బూతులు తిడుతూ మీదికొస్తే మూతి మీద కొట్టాను. బకెట్టు సొట్టలు పడేదాకా, వాడు పళ్ళు ఉమ్మేసేదాకా కొట్టాను.

రిఫరీ సందులోనే నిలబడి నా నంబరు రాసుకున్నాడు. "నోటికాడి కూడు నేలపాలు చేసుకున్నావు కదమ్మా! వాళ్ళ కాపురం గొడవ నీకెందుకు?"

ఆమె నెత్తురు తుడుచుకుంటూ నన్ను తేరిపార చూసింది. దండం పెడుతుందేమో అనుకున్నాను.

"పోయినేడూ ఇటే వచ్చావు కదక్కా," అంది. "అప్పుడూ ఈ గోడ మీద చెయ్యి వేశావు. మ్యాపు చూసుకుని తీసేశావు."