నీలం పలక

"తెల్లపలక వేశావా, సరే. నీలం వేశావో, రేపట్నుంచి పార్టీలో నీ మొహం చూసేవాడుండడు!"

విప్ ఇగరాషి గొంతు పార్లమెంటు నడవా అంతా వినబడింది. విలేకరులు గబగబా రాసుకున్నారు. షిమోకావా తకుమ తలొంచుకుని నిలబడ్డాడు. పక్కనే ఉన్న అతని భార్య చిజురు చేతిలోని అన్నం డబ్బాను గుండెకు హత్తుకుంది.

కురోహమ అఖాతాన్ని పూడ్చి రేవు కట్టే బిల్లు మీద ఈరోజు ఓటింగు. సభ్యులు ఒక్కొక్కరే తమ పేరున్న చిన్న చెక్కపలక ఇవ్వాలి: అవునంటే తెల్లది, కాదంటే నీలం. చిజురు పుట్టింటివాళ్ళు ఆ అఖాతంలోనే సముద్రపు నాచు పెంచుకుని బతుకుతున్నారు. తకుమ గెలిచిందీ ఆ ప్రాంతం నుంచే, కానీ అతనిది పాలకపక్షం. ఇంతవరకూ పార్టీ చెప్పిన రంగు తప్ప మరో రంగు అతని చేతిలోంచి వెళ్ళలేదు.

పార్లమెంటులోని అతని గదిలోకి వచ్చాక చిజురు అన్నం డబ్బా తెరిచి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"ఏవండీ, తెల్లది వేస్తే నేనిక మా ఊరు వెళ్ళలేను."

"నా ఒక్క పలకతో బిల్లు ఆగుతుందా, పిచ్చిదానా? పార్టీకి ఓట్లు ఇంకా మిగులుతాయి."

"ఆగకపోయినా సరే. మీరు మావైపు నిలబడ్డారని మావాళ్ళకు తెలిస్తే అదే చాలు."

తకుమ ఆమెకేసి అదోలా చూసి, కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సభలో పైనున్న సందర్శకుల వరుసలో ఆమె తమ్ముడు యోసుకె ఊరివాళ్ళతో కూర్చుని ఉన్నాడు. చిజురు పక్కన కూర్చోగానే చెవిలో గొణిగాడు.

"బావ తెల్లదే వేస్తాడు. పందెమా?"

"నోర్మూసుకోరా."

"పార్టీ కూర్చోమంటే కూర్చుంటాడు, మొరగమంటే మొరుగుతాడు. నాకు తెలీదా అక్కా?"

కింద ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. తకుమ పేరు వినబడింది. అతను పలక పట్టుకుని వేదిక మెట్లెక్కాడు. చిజురు కళ్ళు మూసుకుంది.

"ద్రోహి!" పాలకపక్షం బల్లల మీంచి ఎవరో అరిచారు. వెంటనే గోల లేచింది.

కళ్ళు తెరిచేసరికి, సభాపతి ముందరి బంట్రోతు చేతిలో నీలం పలక!

బిల్లు మాత్రం నెగ్గింది. అయినా యోసుకె చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"బావని ఎన్ని మాటలన్నానక్కా! వచ్చే ఎన్నికల్లో ఓడిపోతాడని ఊరంతా అనుకుంటోంది కదా, చూస్తాను ఎలా ఓడిపోతాడో! ఇంటింటికీ నేనే తిరుగుతా."

చిజురు గదికి పరుగెత్తింది. తకుమ కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. ఆమె నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసినా తలెత్తలేదు. ఇంతలో తలుపు తోసుకుని ఇగరాషి వచ్చాడు.

చిజురు మొగుడికి అడ్డంగా నిలబడి, నడుము సగానికి వంచి దణ్ణం పెట్టింది.

"అయ్యా, ఆయన్ని పార్టీలోంచి తీసేయకండి. నీలం వేయమని ప్రాణం తీసింది నేనే. ఏ శిక్షయినా నాకు వేయండి."

ఇగరాషి ఆమెను వింతగా చూశాడు. తర్వాత తకుమ వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఇంట్లో కూడా చెప్పలేదా?"

చిజురు మెల్లగా తలెత్తింది.

"వేయమన్నది మేమేనమ్మా. బిల్లు ఎలాగూ నెగ్గుతుంది, మీ ఊళ్ళో ఈయన కూడా నెగ్గొద్దూ?"