మొదటి వాయి

సాయమ్మ చేతిసంచిలో బిస్కెట్ పొట్లం దొరికింది. సగం ఖాళీ.

నవనీత దాన్ని తెచ్చి భర్త ముందు పెట్టింది. "చూసినవా మీ అమ్మ చేసే పని?"

ఇంకొకరింట్లో అయితే బిస్కెట్ పొట్లానికి ఇంత పంచాయితీ ఏమిటని నవ్వుతారు. ఈ ఇంట్లో ఏడేళ్ల షారోన్ ఉంది. రవ్వంత గోధుమ కడుపులో పడినా ఆ పిల్ల పేగు పుండవుతుంది. తిన్నది ఒంటికి పట్టదు, ఒంట్లో రక్తం ఊరదు. సూర్యాపేట డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "దీనికి మందు లేదమ్మా, గోధుమ ముట్టకుండా ఉండటమే మందు" అన్నాడు.

ఆ రోజే నవనీత వంటిల్లంతా జల్లెడ పట్టింది. చపాతీ పిండి, ఉప్మారవ్వ, సేమ్యా పోయాయి. మైదా కలుపుతారని తెలిసి ఇంగువ డబ్బా కూడా పోయింది. మిర్యాలగూడలో బియ్యానికేం కొదవ అంటారు గానీ, ఒట్టి అన్నంతో పిల్లకు బలం రాదు. జొన్నలు పెట్టమన్నాడు డాక్టరు.

బళ్లో గొంతు పోయేలా పాఠాలు చెప్పి సాయంత్రం ఇల్లు చేరే మనిషికి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఎంతుంటుంది? అందుకే వారానికి సరిపడా వంటలు ఆదివారమే ఆలోచించి పెట్టుకునేది. జొన్నపిండి ఇంట్లో ఉంటే సగం పని అయినట్టే. ఓ రోజు రొట్టె, బీరకాయ కూర. ఓ రోజు పెసరట్టు. మరీ నీరసంగా ఉంటే కాస్త జొన్న గట్క కాచి మజ్జిగ పోస్తే సరి.

కొన్న పిండిని ఆమె నమ్మలేదు. జొన్నలు తానే ఏరి, కడిగి, ఎండబెట్టి, వీధి చివర వీరేశం పిండి గిర్నికి తీసుకెళ్లేది. శనివారాలు కారం, పసుపు కూడా పట్టే గిర్ని అది. "కాకా, నా బిడ్డ కడుపు నాజూకు. వేరేవాళ్ల పిండి కలవొద్దు. మొదటి వాయి నాదే పట్టాలె" అని ముందే చెప్పుకుంది. వీరేశం మంచివాడు. ఆదివారం ఆమె వెళ్లేసరికే మోటారు తిరుగుతూ ఉండేది. "రాయి సాఫ్ చేసి పెట్టిన టీచరమ్మా, జొన్నలు పొయ్యి" అనేవాడు.

రోగం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"గోధుమ పడదని గిర్ని వీరేశంకు, పక్కింటోళ్లకు చెప్తే ఏమైతది బిడ్డా? తెలిస్తే వాళ్లే పైలంగ ఉంటరు" అంది సాయమ్మ ఓసారి.

"బడిల పిల్లలు దాన్ని దూరం పెడ్తరు. రేపు సంబంధాలప్పుడు ఇదే ఎత్తి చూపుతరు. నువ్వు గమ్మున ఉండత్తా."

సాయమ్మ గమ్మున ఉంది.

ఇంత చేసినా షారోన్ కోలుకోలేదు. చేతులు పుల్లల్లా అయ్యాయి. ఓసారి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. "ఎక్కడో గోధుమ పడుతోందమ్మా, చూసుకోండి" అన్నాడు డాక్టరు. ఎక్కడో అని ఆయనంటే, ఎవరో అని నవనీత వెతకడం మొదలుపెట్టింది. ఇదిగో, ఇప్పుడు పొట్లం దొరికింది.

"అవి నావి బిడ్డా" అంది సాయమ్మ. "పొద్దుగాల చాయ్‌ల ముంచుకుంట. అది కూడ బయట అరుగు మీద కూసోని. చేతులు కడుక్కోనే లోపలికొస్త. ప్రభువు సాక్షి, పిల్లకు తునక పెట్టలే."

"ప్రభువును నడిమిట్ల తేకు. దాన్ని సంపుతున్నది నువ్వే."

వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసొచ్చిన కృపాకర్, తల్లి పక్షమూ భార్య పక్షమూ కాకుండా నిద్ర పక్షం వహించాడు. మర్నాడు తల్లిని కోదాడ బస్సెక్కించాడు, తమ్ముడు దావీదు ఇంటికి. షారోన్ గేటు పట్టుకొని ఏడ్చింది. నవనీత ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడిపించి లోపలికి తీసుకెళ్లింది.

ముసలామె పోతే పిల్ల తేరుకుంటుందనుకుంది. తేరుకోలేదు. పాడైన పేగు మానడానికి టైము పడుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. త్వరగా బలం రావాలని అన్నం తగ్గించి రొట్టె పెంచింది. పిల్ల మొహం తిప్పుకుంటే ఒళ్లో కూర్చోబెట్టుకొని, రొట్టె తుంచి పాలలో నానబెట్టి, తన చేత్తో తినిపించింది.

సాయమ్మ కోదాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది. "పిల్లకు జర నయమైందా?" కొన్నాళ్లకు నవనీత ఆ ఫోన్ ఎత్తడం మానేసింది.

వానాకాలంలో దావీదు ఫోన్ చేశాడు. అమ్మ పోయింది. కోదాడ వెళ్లాక బిస్కెట్ ముట్టలేదట, చాయ్ కూడా తాగలేదట. సమాధికి కృపాకర్ ఒక్కడే వెళ్లొచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం కోదాడలో ఆమె జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టారు. దానికీ వెళ్లకపోతే నలుగురూ నాలుగు మాటలంటారు. అక్కడి భోజనాలు షారోన్‌కు పనికిరావు, రొట్టెలు చేసి పట్టుకెళ్లాలి. నవనీత ఎప్పటికన్నా ముందే జొన్నల డబ్బా పట్టుకొని గిర్నికి వెళ్లింది. వీరేశం అప్పుడే షట్టర్ లేపుతున్నాడు.

"మీ అత్త కాలం చేసిందట గదా. మంచి మనిషి" అన్నాడు. "పిల్లకెట్లుంది?"

"ఏం బాగలేదు కాకా. మళ్ల రక్తం ఎక్కియ్యాలన్నరు."

వీరేశం మనసు కరిగిపోయింది. మోటారు ఆన్ చేశాడు. ఆమె డబ్బా మూత తీసి జొన్నలు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి, గోడవార ఉన్న సంచిలోంచి దోసిలి నింపుకున్నాడు.

"జర ఆగు టీచరమ్మా, నీ బిడ్డ కడుపు నాజూకు గదా, నిన్నటి కారం రవ్వంత కూడ తగలకుండ ఎప్పటిలెక్కనే ముందుగాల రెండు దోసిళ్లు ఏసి రాయి సాఫ్ చేస్త, మా ఇంట్ల తినే మంచి గోధుమలే."